బంతి ఇచ్చారు, పగ్గాలు ఇవ్వలేదు

పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో పూనా హిందూ క్రికెట్ జట్టు టీ విరామానికి మైదానం వదిలి వచ్చినప్పుడు మిగతా ఆటగాళ్లంతా పెవిలియన్‌లో కూర్చుని పింగాణీ కప్పుల్లో టీ తాగేవారు. జట్టుకు వికెట్లు తీసిపెట్టే ఎడమచేతి స్పిన్నర్ పల్వంకర్ బాలూకు మాత్రం టీ పెవిలియన్ బయటికే వచ్చేది, అదీ తాగి పారేసే మట్టి ముంతలో. ఆయన చర్మకార కులంలో పుట్టినవాడు. భోజనానికి కూర్చోవలసింది వేరే బల్ల దగ్గర. అంతకు కొద్దిసేపటి ముందు ఆయన వేళ్ల మధ్య తిరిగిన బంతినే వికెట్ కీపర్ పట్టుకున్నాడు, స్లిప్‌లో నిలబడినవాడు పట్టుకున్నాడు, దుమ్ము తుడిచి మళ్లీ ఆయన చేతికే అందించారు. బంతికి అంటని మైల కప్పుకు ఎలా అంటుకుందన్న ప్రశ్నకు జవాబు శాస్త్రాల్లో దొరకదు, స్కోరుబోర్డు మీద దొరుకుతుంది. యూరోపియన్ జట్టును ఓడించాలంటే ఆ బంతి ఆయన చేతిలో ఉండి తీరాలి. కప్పుతో ఎవరికీ అలాంటి అవసరం లేదు.

క్రీడల్లో అడ్డుగోడలు దాటినవారి జీవితాలను సాధారణంగా ఒక్క రోజు కథగా చెప్పుకోవడం అలవాటైపోయింది. ఒక తేదీ, ఒక మైదానం, బరిలోకి దిగిన ఒక మనిషి, చప్పట్లు. ఆ రోజు అబద్ధం కాదు, ఆ ధైర్యమూ అబద్ధం కాదు. అయితే అదే జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివితే అందులో మరో వరుస కనిపిస్తుంది. ప్రతిభ అవసరమైన చోట తలుపు ముందుగా తెరుచుకుంటుంది. నిర్ణయాలు జరిగే చోట, అంటే కెప్టెన్సీ దగ్గర, బేస్‌బాల్‌లో జట్టును నడిపించే మేనేజర్ కుర్చీ దగ్గర, సంఘాల సమావేశ మందిరాల దగ్గర, అది చాలా ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఒక్కోసారి ఆ మనిషి కన్నుమూశాక తెరుచుకుంటుంది. ఈ రెండు తలుపుల మధ్య గడిచిన కాలాన్ని పట్టించుకోకపోతే ఆ జీవితాలను సగమే చదివినట్టవుతుంది.

బాలూ క్రికెట్‌లోకి వచ్చింది ఆటగాడిగా కాదు, మైదానం ఊడ్చి, పిచ్ చుట్టి, వలలు కట్టే పనివాడిగా. పూనాలోని యూరోపియన్ల క్లబ్బులో ఆయన జీతం నెలకు 4 రూపాయలు. సాధనలో బంతులు వేయడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి ఆయనకు బంతి దొరికింది. ఆ కాలపు పేరున్న ఇంగ్లిష్ బ్యాటర్ జె.జి. గ్రెగ్ అందరికన్నా ముందే వచ్చి బాలూ బౌలింగ్‌లో సాధన చేసేవాడనీ, తనను అవుట్ చేసినప్పుడల్లా అర్ధరూపాయి ఇచ్చేవాడనీ చెబుతారు. గంటల తరబడి, ఏళ్ల తరబడి ఆ వలల్లో బంతులు వేసిన మనిషికి ఆ క్లబ్బులో ఒక్కసారి కూడా బ్యాట్ చేతికివ్వలేదు. ఆ రోజుల క్రికెట్‌లో బ్యాటింగ్ దొరల పని, బౌలింగ్ సేవకుల పని. ఒక మనిషికి చోటు దొరికిందని సంతోషించే ముందు అది ఏ చోటు అని అడగడం అవసరమని ఈ ఒక్క వివరం చెబుతుంది.

పూనా హిందువులు ఆయనను జట్టులోకి తీసుకోవడానికి మొదట తటపటాయించారు. చేర్చుకుందామని వాదించినవారిలో అక్కడి తెలుగు సభ్యులు కొందరు ఉన్నారని అంటారు. ఆ తర్వాత ఆయన బొంబాయి చేరి హిందూ జింఖానాకు ఆడాడు. 1906లో బొంబాయిలో హిందూ జట్టు యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించినప్పుడు ఆ గెలుపులో బాలూ బౌలింగ్‌దే పెద్ద వాటా. 1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన తొలి అఖిల భారత జట్టు ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోయి తిరిగి వచ్చింది గానీ, ఆ పర్యటనలో బాలూ తీసిన వికెట్లు 114. ఎండ లేని, తెలియని పిచ్‌ల మీద, వేళ్ల నొప్పులతో, 35 ఏళ్ల వయసులో తీసిన వికెట్లవి. ఈ అంకె తర్వాత ఆయన ప్రతిభ గురించి వాదించడానికి ఎవరికీ ఏమీ మిగలలేదు.

మిగిలింది కెప్టెన్సీ. ఏడాది తర్వాత ఏడాది అది పైకులాల ఆటగాళ్లకే వెళ్లింది. 1920లో జట్టు నుంచి బాలూను తప్పించి, కెప్టెన్సీ విషయంలో సీనియర్ అయిన తమ్ముడు విఠల్‌ను కూడా పక్కన పెట్టినప్పుడు, జట్టులో ఉన్న విఠల్, మరో తమ్ముడు శివరామ్ ఇద్దరూ తాము ఆడబోమని తప్పుకున్నారు. కులం కారణంగానే ఈ అన్యాయం జరుగుతోందని బహిరంగ ప్రకటన ఇచ్చారు. పత్రికల్లో, సభల్లో దుమారం లేచింది. బాలూను తిరిగి పిలిచి ఉపకెప్టెన్ హోదా ఇచ్చారు. 1923లో విఠల్ హిందూ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. అన్నకు దక్కనిది తమ్ముడికి దక్కింది. దక్కించిన పని మాత్రం బంతి చేయలేదు, బ్యాటూ చేయలేదు. ఆడకుండా తప్పుకోవడం చేసింది. పాతికేళ్ల బౌలింగ్ సాధించలేని దాన్ని ఒక నిరాకరణ కదిలించగలిగిందన్నది ఈ వ్యాసం మొత్తానికీ కీలకమైన సంగతి.

సరిగ్గా అలాంటి నిరాకరణే చేయవద్దన్న షరతు మీద జాకీ రాబిన్సన్ జీవితం మలుపు తిరిగింది. అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగుల్లో 1880ల తర్వాత నల్లజాతి ఆటగాడు లేడు. అలా రాసిన నియమం పుస్తకంలో ఎక్కడా లేదు. జట్ల యజమానుల మధ్య మౌనంగా నడిచిన ఒప్పందం అది. రాయని నియమాన్ని కోర్టులో సవాలు చేయలేరు, రద్దు చేయమని అడగలేరు. 1945 ఆగస్టు 28న బ్రూక్లిన్ డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రికీ తన కార్యాలయంలో రాబిన్సన్‌ను కూర్చోబెట్టి, రేపు ఎదురయ్యే హోటల్ గుమస్తాగా, ప్రత్యర్థి ఆటగాడిగా, తిట్టే ప్రేక్షకుడిగా తానే నటించి చూపించాడు. ఎన్ని తిట్టినా తిరిగి కొట్టకుండా ఉండగల ధైర్యం ఉన్నవాడు తనకు కావాలన్నాడు. ఎదుట కూర్చున్నది స్వభావతః ఊరుకునే మనిషి కాదు. అంతకు ఏడాది ముందు, 1944లో, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న రాబిన్సన్ టెక్సాస్‌లో సైనిక బస్సులో వెనక్కి వెళ్లి కూర్చోమంటే వెళ్లనన్నాడు. సైనిక విచారణ ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. అలాంటివాడు కోపాన్ని దిగమింగుకుంటానని మాటిచ్చాడు. ఆ మౌనం ఆయన సహజ గుణం కాదు, ఆటలోకి రావడానికి కట్టిన ప్రవేశ రుసుము.

1947 ఏప్రిల్ 15న డాడ్జర్స్ సొంత మైదానం ఎబెట్స్ ఫీల్డ్‌లో 42వ నంబరు చొక్కాతో ఆయన మొదటి బేస్ దగ్గర నిలబడ్డాడు. ఆ సీజన్‌లో ఫిలడెల్ఫియా జట్టు మేనేజరే ఆటగాళ్లు కూర్చునే డగౌట్ నుంచి జాతి పేరుతో బూతులు అరిపించాడు. రాబిన్సన్ ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. మౌనం షరతు తీరాక 1949లో లీగు అత్యుత్తమ ఆటగాడయ్యాడు. కానీ ఆ రోజును రికీ, రాబిన్సన్ అనే ఇద్దరు మనుషుల సాహసంగా మాత్రమే చూస్తే కారణాలు సగం కనుమరుగవుతాయి. నల్లజాతివారి పత్రికలు, ముఖ్యంగా పిట్స్‌బర్గ్ కొరియర్ పాత్రికేయుడు వెండెల్ స్మిత్, ఏళ్ల తరబడి ఈ డిమాండును వదలకుండా రాస్తూ వచ్చారు. పాతికేళ్లు బేస్‌బాల్‌ను ఏలిన కమిషనర్ ల్యాండిస్ 1944లో మరణించాడు. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ న్యూయార్క్ రాష్ట్రం 1945లో చట్టం చేసింది. జాతి ఆధిపత్యం పేరు చెప్పుకున్న నియంత మీద యుద్ధం గెలిచి వచ్చిన నల్లజాతి సైనికులకు సొంత దేశంలో మైదానం మూసేయడం సమర్థించుకోలేని పరిస్థితి వచ్చింది. వీటితో పాటు రికీకి గెలిచే జట్టు కావాలి, నిండిన గ్యాలరీలు కావాలి. మంచి ఉద్దేశమూ వ్యాపార లెక్కా ఒకే మనిషిలో కలిసి ఉండటంలో వింతేమీ లేదు. తలుపు తెరిచేవారిలో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి.

ఆ తలుపు ఎవరి మీద మూసుకుపోయిందో కూడా చూడాలి. నల్లజాతి ఆటగాళ్లకు అప్పటికే సొంత లీగులు ఉన్నాయి. సొంత యజమానులు, మేనేజర్లు, అంపైర్లు, ప్రేక్షకులు ఉన్నారు. రాబిన్సన్‌ను తీసుకున్నందుకు రికీ ఆయన పాత జట్టు కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు ఒక్క డాలరు చెల్లించలేదు. న్యూవార్క్ ఈగల్స్ జట్టును నడిపిన ఎఫా మాన్లీ ఈ పద్ధతిని బాహాటంగా ఎదిరించింది. 1947 జులైలో క్లీవ్‌లాండ్ జట్టు ల్యారీ డోబీని అడిగినప్పుడు డబ్బు చెల్లించాల్సిందేనని పట్టుబట్టి 15,000 డాలర్లు రాబట్టింది. అదే స్థాయి తెల్లజాతి ఆటగాడైతే ఎంతో ఎక్కువ ఇచ్చేవారని ఆమెకు తెలుసు. మంచి ఆటగాళ్లు వెళ్లిపోయాక ప్రేక్షకులూ వెళ్లిపోయారు. నీగ్రో నేషనల్ లీగ్ 1948 సీజన్‌తో ముగిసింది. ఆటగాళ్లలో కొందరికి పెద్ద లీగుల్లో చోటు దొరికింది. మేనేజర్లకూ యజమానులకూ దొరకలేదు. సమైక్యత అన్న మాట వెనుక నల్లజాతివారి చేతుల్లో ఉన్న అధికారం మొత్తంగా పోయిన ఈ నష్టం చాలాకాలం లెక్కలోకి రాలేదు. ఎఫా మాన్లీని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2006లో చేర్చుకుంది, ఆ గౌరవం పొందిన తొలి మహిళగా. అప్పటికి ఆమె మరణించి పాతికేళ్లయింది.

ఆలస్యం ఖరీదు మరో రకంగానూ ఉంటుంది. ఆ లీగుల్లో అందరికన్నా బలంగా కొట్టిన బ్యాటర్‌గా పేరుపడ్డ జోష్ గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ బరిలోకి దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆటగాడి శరీరానికి ఉచ్ఛదశ కొన్ని ఏళ్లే. తలుపు తెరవడానికి సంఘాలు తీసుకునే వ్యవధి దశాబ్దాలు. కరణం మల్లీశ్వరి విషయంలోనూ ఈ లెక్క కనిపిస్తుంది. ఆమె 1994, 1995లలో వరసగా ప్రపంచ చాంపియన్. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. అది మొదటిసారి 2000లో సిడ్నీలో ప్రవేశించేనాటికి ఆమె 54 కిలోల విభాగం వదిలి 69 కిలోల విభాగంలో పోటీపడుతోంది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోల బార్‌కు సిద్ధపడింది. అది నిలిచి ఉంటే స్వర్ణమే, నిలవలేదు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆ కాంస్యాన్ని దేశం గుండెకు హత్తుకుంది, అది న్యాయమే. అయితే ఆ పతకం రంగు గురించి మాట్లాడేటప్పుడు ఆమె వరసగా రెండేళ్లు ప్రపంచాన్ని గెలిచిన కాలంలో ఒలింపిక్ వేదిక ఆమెకు మూసి ఉందన్న మాట కూడా దాని పక్కనే ఉండాలి.

అన్ని అడ్డుగోడలూ తాము ద్వేషంతో కట్టినవని చెప్పుకోవు. కొన్ని శ్రద్ధ పేరుతో, రక్షణ పేరుతో, వైద్యం పేరుతో నిలబడతాయి. వాటిని పడగొట్టడం మరింత కష్టం, ఎందుకంటే అడ్డుకునేవాడు తాను మేలు చేస్తున్నాననే నమ్ముతాడు. మహిళల పరుగు చరిత్ర దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. ఆధునిక ఒలింపిక్స్ వ్యవస్థాపకుడు కూబెర్తాఁ మహిళల పోటీలను చివరి వరకూ వ్యతిరేకించాడు. ఫ్రాన్స్‌కు చెందిన పడవ క్రీడాకారిణి అలీస్ మిలియా అభ్యర్థనలతో సరిపెట్టుకోలేదు. 1921లో అంతర్జాతీయ మహిళా క్రీడా సమాఖ్యను స్థాపించి, మరుసటి ఏడాది పారిస్‌లో మహిళలకే ప్రత్యేకంగా అథ్లెటిక్స్ పోటీలు పెట్టింది. ఒక్క రోజు జరిగిన ఆ పోటీలకు దాదాపు 20,000 మంది వచ్చారు. దానికి ఒలింపిక్స్ అన్న పేరు పెట్టడమే ఆమె ఎత్తుగడ. పేరు వదులుకోమని అడిగిన పురుష సంఘాలు బదులుగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలకు ఐదు అథ్లెటిక్స్ అంశాలు ఇచ్చాయి. ఐదే ఇచ్చినందుకు నిరసనగా బ్రిటన్ మహిళా అథ్లెట్లు ఆ పోటీలను బహిష్కరించారు.

ఆ ఐదింటిలో ఒకటి 800 మీటర్ల పరుగు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. రెండో స్థానం జపాన్‌కు చెందిన హితోమి కినుయేది. మొదటి ముగ్గురూ అప్పటి ప్రపంచ రికార్డు కన్నా వేగంగా పరుగెత్తారు. ఫైనల్లో తొమ్మిది మంది బయలుదేరారు, తొమ్మిది మందీ పూర్తి చేశారు. గీత దాటాక కొందరు గడ్డి మీద కూలబడ్డారు, ప్రపంచ రికార్డు వేగంతో పరుగెత్తిన ఎవరైనా అలాగే కూలబడతారు. మరునాటి పత్రికలు మాత్రం పదకొండు మంది అభాగినులు పరుగెత్తారనీ, సగంమంది మధ్యలోనే పడిపోయారనీ రాశాయి. ఆ పరుగు చిత్రీకరణ ఇప్పటికీ ఉంది. అందులో పత్రికలు వర్ణించిన దృశ్యం లేదు. అయినా సంఘాలు పత్రికలను నమ్మాయి. మహిళల 800 మీటర్లు ఒలింపిక్స్‌లోకి తిరిగి రావడానికి 1960 దాకా పట్టింది. పురుషుడు గీత దాటి పడిపోతే పట్టుదల, స్త్రీ పడిపోతే బలహీనత. ఈ ఒక్క చదువులోని తేడా 32 ఏళ్ల పోటీలను మింగేసింది.

దూరం పెరిగేకొద్దీ సాకు బలపడింది. 1966లో బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు చేసిన బాబీ గిబ్‌కు, స్త్రీల శరీరం అంత దూరం పరుగెత్తలేదన్న అర్థంలో తిరస్కరణ వచ్చింది. ఆమె ప్రారంభ స్థలం దగ్గర పొదల్లో దాక్కుని, గుంపు కదిలాక అందులో కలిసి, పురుషుల్లో ఎక్కువ మంది కన్నా ముందే పూర్తి చేసింది. మరుసటి ఏడాది క్యాథరిన్ స్విట్జర్ పొడి అక్షరాలతో కె.వి. స్విట్జర్ అని నమోదు చేసుకుని 261 నంబరుతో అధికారికంగా పరుగు మొదలుపెట్టింది. కొన్ని మైళ్లు దాటాక నిర్వాహకుల్లో ఒకడైన జాక్ సెంపుల్ ఆమె మీదికి దూకి ఆ నంబరు చింపబోయాడు. ఆమెతో పరుగెత్తుతున్న స్నేహితుడు అతన్ని భుజంతో నెట్టేశాడు. పాత్రికేయుల వాహనం పక్కనే ఉండటంతో ఆ క్షణం ఫొటోల్లో చిక్కింది. గిబ్ పరుగు వైద్య వాదాన్ని ఏడాది ముందే తప్పని రుజువు చేసింది, కానీ రుజువు ఒక్కటే సరిపోలేదు. ఫొటో చూపించింది మరొకటి: గోడ స్త్రీ శరీరంలో లేదు, ఆమె చొక్కా పట్టుకుని లాగుతున్న చేతుల్లో ఉంది. అప్పుడు కూడా సంఘం మొదటి స్పందన, పురుషులతో కలిసి పరుగెత్తకుండా మహిళలను నిషేధించడం. బోస్టన్ అధికారికంగా మహిళలను అనుమతించింది 1972లో.

స్విట్జర్‌ను ఆ ఒక్క ఫొటోతోనే గుర్తుంచుకోవడం ఆమెకు అన్యాయం చేయడమే. ఆమె చేసిన పెద్ద పని తర్వాతిది, ఫొటోలకు పెద్దగా అందనిది. ఒలింపిక్స్‌లో కొత్త మహిళా అంశం చేరాలంటే అది కనీసం 25 దేశాల్లో, రెండు ఖండాల్లో ఆచరణలో ఉండాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. మహిళలను పరుగెత్తనివ్వని దేశాల్లో పరుగెత్తే మహిళలను ఎక్కడి నుంచి తేవాలి? ఒక సౌందర్య సాధనాల సంస్థ డబ్బుతో ఆమె దేశదేశాల్లో మహిళల పరుగు పోటీలు నిర్వహించి ఆ లెక్క పూర్తి చేయడానికి తోడ్పడింది. 1981లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మహిళల మారథాన్‌కు అంగీకరించింది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో జోన్ బెన్వా 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో దాన్ని గెలిచింది. మారథాన్‌కు అంగీకరించిన రోజు ఆ కమిటీలో ఒక్క మహిళా సభ్యురాలు కూడా లేదు. తొలి ఇద్దరు మహిళలు అదే 1981 చివర్లో చేరారు. 1894లో పుట్టిన ఆ సంస్థకు మహిళ అధ్యక్షురాలు కావడం 2025లో జరిగింది: జింబాబ్వే ఈతగత్తె కిర్స్టీ కొవెంట్రీ. ఆఫ్రికా ఖండం నుంచి ఆ పదవికి వచ్చిన తొలి వ్యక్తి కూడా ఆమే.

డబ్బు అనే గోడను అర్థం చేసుకోవడానికి టెన్నిస్ దగ్గరికి రావాలి. ఆల్థియా గిబ్సన్ 1950లో అమెరికా జాతీయ టోర్నీలో ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారిణి. మాజీ చాంపియన్ ఆలిస్ మార్బుల్ తన తోటి తెల్లజాతివారిని సిగ్గుపడేలా చేస్తూ పత్రికలో రాసిన తర్వాతే ఆ ఆహ్వానం వచ్చింది. 1957, 1958లలో ఆమె వింబుల్డన్‌నూ అమెరికా టైటిల్‌నూ రెండేసిసార్లు గెలిచింది. న్యూయార్క్ వీధుల్లో ఊరేగింపు జరిగింది, ప్రైజ్‌మనీ మాత్రం లేదు, ఎందుకంటే అప్పటి టెన్నిస్ అమెచ్యూర్ నిబంధనల కింద, అంటే ఆటకు డబ్బు తీసుకోకూడదన్న షరతు మీద నడిచేది. డబ్బున్న కుటుంబాలకు అది నిస్వార్థ క్రీడా స్ఫూర్తి. హార్లెమ్ వీధుల్లో పెరిగిన అమ్మాయికి అది రెండో గోడ. ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే బతుకుతెరువు కోసం ఆమె అమెచ్యూర్ ఆట వదిలి ప్రదర్శన మ్యాచ్‌లు ఆడవలసి వచ్చింది. చివరి దశలో ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టినప్పుడు పాత సహచరులు చందాలు పోగుచేశారు.

1968లో వృత్తి ఆటగాళ్లకు టెన్నిస్ తలుపులు తెరిచింది. ఆ ఏడాది వింబుల్డన్‌లో పురుషుల విజేతకు 2,000 పౌండ్లు, మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌండ్లు. 1970 సెప్టెంబరులో కింగ్‌తో కలిపి తొమ్మిది మంది క్రీడాకారిణులు హ్యూస్టన్‌లో పత్రికాధిపతి గ్లాడిస్ హెల్డ్‌మన్‌తో ఒక్కొక్క డాలరు ఒప్పందం మీద సంతకం చేశారు, వారిలో ఎనిమిది మంది ఆ డాలరు నోట్లు పైకెత్తి ఫొటో దిగారు. జాతీయ సంఘం వారిని సస్పెండ్ చేసింది. ఆ తొమ్మిది మంది ఆ రోజు పందెం కాసింది తమ మొత్తం భవిష్యత్తును. పెద్ద టోర్నీల తలుపు మూసుకుపోతే తిరిగి వెళ్లడానికి వారికి మరో చోటు లేదు. మిలియా పెట్టిన పోటీల్లాగే ఇదీ వేరు కుంపటి పెట్టి, పాత ఇంటివారిని బేరానికి రప్పించే పద్ధతి. 1973లో మహిళా క్రీడాకారిణుల సంఘం ఏర్పడింది, అదే ఏడాది యూఎస్ ఓపెన్ సమాన ప్రైజ్‌మనీ ఇచ్చింది. ఇందులో మింగుడుపడని నిజం ఒకటుంది: ఆ మహిళల టోర్నీలను నిలబెట్టిన డబ్బు ఒక సిగరెట్ కంపెనీది. గౌరవప్రదమైన సంస్థలన్నీ ముఖం చాటేసినప్పుడు వచ్చిన డబ్బు అది. తీసుకున్నందుకు వారిని తప్పుపట్టడం కన్నా, అదొక్కటే దిక్కయ్యేలా చేసినవారిని అడగడం న్యాయం. వింబుల్డన్ సమానంగా చెల్లించింది 2007లో, యూఎస్ ఓపెన్ తర్వాత 34 ఏళ్లకు. ఆ ఏడాది విజేత, దాని కోసం అధికారుల ఎదుట వాదించిన వీనస్ విలియమ్సే.

ఈ గోడలన్నీ గతానివి కావు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన శాంతి సౌందరరాజన్ నుంచి లింగ పరీక్ష పేరుతో పతకం వెనక్కి తీసుకున్నారు. పేద కుటుంబం నుంచి వచ్చిన ఆ అమ్మాయి తరఫున వాదించడానికి ఎవరూ ముందుకు రాలేదు. 2014లో స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను హార్మోన్ స్థాయి ఎక్కువన్న కారణంతో పక్కన పెట్టినప్పుడు ఆమె అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. ఈసారి భారత క్రీడా ప్రాధికార సంస్థ అండగా నిలిచింది. 2015లో ఆ న్యాయస్థానం సదరు నిబంధనను నిలిపివేసింది, ద్యుతీ 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తింది. మహిళల విభాగం హద్దులు ఎలా గీయాలన్న శాస్త్ర చర్చ ఇంకా ముగియలేదు, నిబంధనలు ఆ తర్వాతా మారుతూనే ఉన్నాయి. కానీ శాంతికీ ద్యుతీకీ మధ్య తేడా శాస్త్రంలో లేదు. ఒకరికి అడిగే చోటు దొరకలేదు, మరొకరికి దొరికింది.

తిరిగి రాబిన్సన్ దగ్గరికి. 1972 అక్టోబరులో, ఆయన తొలి మ్యాచ్‌కు పాతికేళ్లు నిండిన సందర్భంగా, సిన్సినాటిలో బేస్‌బాల్ టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ మ్యాచ్‌కు ముందు ఆయనను సత్కరించారు. జుట్టు తెల్లబడి, మధుమేహంతో చూపు దాదాపు పోయి, 53 ఏళ్లకే ముసలివాడైపోయిన మనిషి మైకు ముందు నిలబడి కృతజ్ఞతలు చెప్పాడు. సంతోషంగా ఉందన్నాడు, అయితే ఏదో ఒక రోజు మూడో బేస్ పక్కనున్న కోచ్ గీత వైపు చూసినప్పుడు అక్కడ జట్టును నడిపిస్తున్న ఒక నల్లని ముఖం కనిపిస్తే ఇంకా ఎక్కువ సంతోషిస్తానన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత కన్నుమూశాడు. ఆయనకున్న తెలివి, ఆటపట్టు, నాయకత్వం ఎవరికీ తెలియనివి కావు. అయినా ఆ పాతికేళ్లలో ఏ పెద్ద లీగు జట్టూ ఆయనకు మేనేజర్ పదవి ఇవ్వలేదు.

1975 ఏప్రిల్ 8న క్లీవ్‌లాండ్‌లో ఫ్రాంక్ రాబిన్సన్ పెద్ద లీగుల తొలి నల్లజాతి మేనేజర్‌గా బాధ్యత తీసుకున్నాడు. జాకీకి ఆయన బంధువు కాదు, ఇంటిపేరు ఒక్కటే కలిసింది. లాంఛనంగా ఆరంభ బంతి విసిరింది జాకీ భార్య రేచెల్. మేనేజర్‌గా ఉంటూనే ఆటగాడిగా దిగిన ఫ్రాంక్ తన మొదటి బ్యాటింగ్‌లోనే బంతిని మైదానం దాటించి హోమ్ రన్ కొట్టాడు. పత్రికలన్నీ ఆ హోమ్ రన్ గురించే రాశాయి. మొదటివాడు కాబట్టి ఆ రోజు అలాంటిదేదో జరగాలని అందరూ ఎదురుచూశారు. మొదటివారికి మామూలుగా ఉండే హక్కు ఎవరూ ఇవ్వరు. రెండేళ్లు గడిచాయి, జట్టు పెద్దగా గెలవలేదు. 1977 జూన్‌లో యాజమాన్యం ఆయనను తొలగించింది. ఫలితాలు లేని మేనేజర్లను తొలగించడం ఆ ఆటలో రోజూ జరిగేదే, తొలగించినవారికి మరో జట్టు మరో అవకాశం ఇవ్వడమూ అంతే మామూలు. తెల్లజాతి మేనేజర్లకు ఎప్పటి నుంచో దొరుకుతున్న ఆ రెండో అవకాశం ఈయనకు దొరుకుతుందా అన్నదే హోమ్ రన్ కన్నా పెద్ద పరీక్ష. 1981లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆయనను పిలిచి జట్టు పగ్గాలు అప్పగించింది.